ఒక్క 'ఫైన్'తో పరీక్ష పెడితే ఈ డిక్షనరీ యాప్‌కి వచ్చినవి మూడు స్టార్లు

"మంచి బట్టకు మంచి సూది వాడండి."

ఈ ఆణిముత్యం రాసింది నేనే. కుట్టుమిషన్‌తో పాటు ఇచ్చే వాడకం పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. గడువు మర్నాడు పొద్దున్నే. రాత్రి పన్నెండు కావస్తోంది, కళ్లు మూతలు పడుతున్నాయి. "యూజ్ ఎ ఫైన్ నీడిల్ ఫర్ ఫైన్ ఫ్యాబ్రిక్స్" అన్న వాక్యం దగ్గరికొచ్చాను. ఎందుకైనా మంచిదని ఫోన్‌లో డిక్షనరీ యాప్ తెరిచి 'ఫైన్' అని కొట్టాను. అన్నిటికంటే పైన, లావుపాటి అక్షరాల్లో 'మంచి' అని ఉంది. రాసేశాను, పంపేశాను, పడుకున్నాను.

పొద్దున లేచేసరికి నా అనువాదాలు సరిచూసే తమ్ముడి మెసేజ్ ఉంది. సొంత తమ్ముడు కాదు, టీమ్‌లో అందరికంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. "అక్కా, మంచి సూది అంటే ఏది? డబ్బాలో చెడ్డ సూదులు కూడా పెట్టి ఇస్తున్నారా?"

ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే నేను కుట్టుపని తెలియని మనిషిని కాదు. మిషన్ సూది మీద 60/8, 75/11, 90/14 అని జంట అంకెలుంటాయి. మొదటి అంకె సూది మందాన్ని మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన చెప్తుంది. 60 అంటే 0.60 మిల్లీమీటర్లు, 90 అంటే 0.90. పల్చటి బట్ట మీద 90 సూది వాడితే చిల్లులు కనపడతాయి, 60 వాడితే కనపడవు. 'ఫైన్ నీడిల్' అంటే ఆ 60. అంటే సన్న సూది. 'ఫైన్ ఫ్యాబ్రిక్' అంటే పల్చటి బట్ట. ఒకే వాక్యంలో రెండు ఫైన్‌లు, తెలుగులో రెండు వేరు మాటలు. 'మంచి' అన్నది రెండిట్లోనూ లేదు.

దారం దగ్గరికి వస్తే ఇంకో తిరకాసు. చాలా రీళ్ల మీద ఉండే 'వెయిట్' అంకె ఎంత పెరిగితే దారం అంత సన్నం. 40 అంటే ఆ దారం 40 కిలోమీటర్లు కలిపి ఒక కిలో తూగుతుందని. 60 నంబరు దారం అంతకంటే సన్నం. కాబట్టి 'ఫైనర్' అన్నప్పుడు సూదికి అంకె తగ్గాలి, దారానికి అంకె పెరగాలి. పుస్తకంలో తర్వాతి పేజీ మొత్తం ఇదే. అక్కడ నేను 'ఇంకా మంచి దారం' అని రాసి ఉంటే చదివినావిడ దుకాణానికి వెళ్లి ఏమడుగుతుంది?

అందుకని ఈ యాప్‌ని కూర్చోబెట్టి పరీక్ష పెట్టాలనిపించింది. ఒక్క మాటతోనే. ఎనిమిది నెలలుగా రోజూ వాడుతున్నాను, చులకనగా రాయడం లేదు. పేరు చెప్పను. ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ అని వెతికితే ఇలాంటివి డజను కనిపిస్తాయి, లోపల సరుకు చాలావాటిలో ఇంచుమించు ఇదే.

ముందు బాగున్న సంగతులు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఇది చిన్న విషయం కాదు, ప్రయాణాల్లో నన్ను చాలాసార్లు ఆదుకుంది. స్పెల్లింగ్ ఒకటీ అరా తప్పు కొట్టినా మనం వెతికేది పట్టుకుంటుంది. అక్షరాల సైజు పెంచుకోవచ్చు. తెలుగు ఫాంట్‌లో వత్తులు విరగవు. ప్రకటనల గోల ఉంది, ప్రతి నాలుగో మాటకీ తెర నిండా ఒకటి దూకుతుంది, మూసే గుర్తు ఆవగింజంత ఉంటుంది. డబ్బు కడితే ప్రకటనలు పోతాయట. నేను కట్టలేదు, ఎందుకో చివర్లో చెప్తాను.

ఇప్పుడు 'ఫైన్' పేజీ. మంచి, చక్కని, సన్నని, జరిమానా, నాణ్యమైన, మెత్తని, ఆరోగ్యముగా, నిర్మలమైన, అపరాధము, సొగసైన... ఇలా కామాలు పెట్టుకుంటూ పదిహేడు మాటలు. లెక్కపెట్టాను. ఒక్కటీ తప్పు కాదు, అదే విచిత్రం. పదిహేడూ ఎక్కడో ఒకచోట పనికొచ్చేవే. కానీ ఏది ఎక్కడో చెప్పే దిక్కు లేదు. తాళంచెవుల గుత్తి చేతికిచ్చి, ఏ తాళానికి ఏదో చెప్పకుండా వెళ్లిపోయినట్టుంది.

విశేషణం ఒంటరిగా బతకదు కదా. పక్కన ఉన్న నామవాచకాన్ని బట్టి దాని రంగు మారుతుంది. దుమ్ము పక్కన ఫైన్ అంటే 'సన్నటి', పొడి పక్కన 'మెత్తటి', బంగారం పక్కన 'మేలిమి', కళల పక్కన 'లలిత', తేడా పక్కన 'సూక్ష్మమైన', వాతావరణం పక్కన... దాని గురించి కాసేపాగి. తెలుగువాడికి డిక్షనరీ చేయాల్సిన మేలు ఈ జతలు చూపించడం. ఇందులో అదే లేదు.

జరిమానాని ఆ వరసలో నాలుగో స్థానంలో ఎందుకు ఇరికించారో తెలియదు. అది నామవాచకం, దాని అటూ ఇటూ ఉన్నవి విశేషణాలు. మంచి డిక్షనరీల్లో ఆ ఫైన్‌కి వేరే పద్దు ఉంటుంది. నిజానికి మన నోట్లో ఎక్కువగా నానేది ఆ ఫైనే. "ఫైన్ కట్టాను", "ఫైన్ వేశారు" అంటాం తప్ప జరిమానా అనేది కాగితం మీదే. రెండు ఫైన్‌లకీ పుట్టిల్లు మాత్రం ఒకటే. లాటిన్‌లో 'ఫీనిస్' అంటే ముగింపు, హద్దు. అది పాత ఫ్రెంచి భాషలో 'ఫిన్' అయి, పని చివరికంటా తీసుకెళ్లి తీర్చిదిద్దినది, లోటు లేనిది అన్న అర్థం తెచ్చుకుంది. అక్కడి నుంచి 13వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. మరో దారిలో, తగాదాని ముగించడానికి కట్టే డబ్బు ఫైన్ అయింది. ఫినిష్, ఫైనల్ అదే ఇంటివి. ఫైనాన్స్ కూడా అంతే, బాకీ తీర్చి ముగించడం దాని మొదటి అర్థం. చివరికంటా చెక్కినది సన్నబడుతుంది, నాణ్యమైనదీ అవుతుంది. అందుకే సన్నదనం, నాణ్యత రెండూ ఒకే మాటలో ఉన్నాయి. ఈ రెండు ముక్కలు పేజీ కింద రాసి ఉంటే ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు కదా? ఆ చోటులో ప్రకటన ఉంది.

సరే, పరీక్షకి వద్దాం. నా పాత పనుల్లో ఫైన్ వచ్చిన వాక్యాలు ఏరి ఒక కాగితం మీద రాసుకున్నాను. యాప్‌లో 'వాక్యం అనువదించు' అని ఒక మీట ఉంది, దానికి ఒక్కొక్కటే వేశాను.

మొదటిది గాలి కాలుష్యం గురించిన కరపత్రంలోది. 'ఫైన్ పార్టికిల్స్' ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్తాయి అని. ఇక్కడ ఫైన్‌కి పక్కా కొలత ఉంది. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఈ కణం అందులో దాదాపు ముప్ఫయ్యో వంతు. యాప్ ఇచ్చిన తెలుగు: "మంచి కణాలు మీ ఊపిరితిత్తుల్లోకి లోతుగా ప్రవేశిస్తాయి." చదివినవాళ్లు గట్టిగా ఊపిరి పీల్చుకుంటారేమో! మంచి సూదితో ఎవరికీ ప్రమాదం లేదు, దీనితో ఉంది. సూక్ష్మ కణాలు అనో, సన్నటి ధూళి అనో రావాలి.

రెండోది బంగారం. 'ఫైన్ గోల్డ్'. యాప్ 'చక్కని బంగారం' అంది. మేలిమి బంగారం అన్న నిండు మాట మనకుంది. ఫైన్‌కి సరిగ్గా అతికే తెలుగు మాట ఇంతకంటే ఇంకోటి నాకు దొరకలేదు, అది ఆ పదిహేడులో లేనే లేదు. బంగారం స్వచ్ఛతని 'ఫైన్‌నెస్' అనే అంటారు, వెయ్యికి ఇంత అని కొలుస్తారు. నగ మీద 916 అంటే వెయ్యి పాళ్లలో 916 బంగారం, మిగతాది వేరే లోహం. 24లో 22 పాళ్లు, అదే 22 క్యారెట్లు. ఫైన్‌నెస్ అని కొడితే యాప్ 'మంచితనం' అని చూపించింది. బంగారానికి మంచితనం! ఆ ఒక్కదానికి అర స్టారు కోసేశాను.

మూడోదానిలో పాసయింది. 'ఫైన్ ఆర్ట్స్' అంటే లలిత కళలు అని ఠక్కున చెప్పింది. 'ఫైన్ ప్రింట్'కి 'చిన్న అక్షరాల ముద్రణ' అంది. అంత వరకు సరే. అయితే ఇంగ్లీషువాడు ఆ మాట అన్నప్పుడు అక్షరాల సైజు గురించి కాదు, ఒప్పందంలో ఎవరి కంటా పడకుండా దాచిన షరతుల గురించి అంటాడు. అర మార్కు వేశాను.

'ఫైన్-టూత్ కోంబ్'తో వెతికారు అన్నదానికి 'చక్కటి దంతాల దువ్వెన' వచ్చింది. దంతాలట! మనం జల్లెడ పట్టారు అంటాం. ఊరు జల్లెడ పట్టారు, ఫైళ్లు జల్లెడ పట్టారు అని రోజూ పేపర్లో చదివేదే. అసలు దువ్వెన సంగతే కావాలంటే సన్న పళ్ల దువ్వెన.

ఇక మనుషులు మాట్లాడుకునే ఫైన్. నన్ను నిజంగా కష్టపెట్టేది ఇదే. సబ్‌టైటిల్స్ పని కూడా చేస్తుంటాను. ఒకాయన కారు ఆపి, దింపమంటారా అని అడుగుతాడు. ఆవిడ "ఐయామ్ ఫైన్, థాంక్స్" అంటుంది. యాప్: "నేను బాగున్నాను, ధన్యవాదాలు." దింపనా అంటే బాగున్నాను అంటుందేమిటి, వినపడలేదా అనుకుంటాడు చూసేవాడు. అక్కడ ఫైన్ అంటే ఆరోగ్యం కాదు, 'వద్దులెండి' అని. ఏదైనా ఇస్తామన్నప్పుడు, సాయం చేస్తామన్నప్పుడు వచ్చే ఐయామ్ ఫైన్ మర్యాదగా కాదనడం. "వద్దులెండి, నేను వెళ్తాను" అని రాశాను నేను. ఈ వాడుక యాప్‌లో ఎక్కడా లేదు. ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవాళ్లకి ముందు చెప్పాల్సిందే ఇది. లేకపోతే అవతలివాళ్లు ఐయామ్ ఫైన్ అంటే ఔననుకుని చేతిలో పెట్టేస్తారు.

అదే మాట కింద పడి లేచినవాడు అంటే "ఏం కాలేదు". ఎలా ఉన్నావని అడిగితే "బాగానే ఉన్నాను". మంగళవారం కలుద్దామా అంటే "సరే". ఇంట్లో గొడవ పడుతూ గట్టిగా, ఒక్క మాటే, "ఫైన్!" అని తలుపు వేసుకుంటే? అది సరే కాదు, "సరేలే, నీ ఇష్టం" అని. ఆ 'లే' చేసే పని ఇంగ్లీషులో గొంతు చేస్తుంది. యాప్‌లో స్పీకర్ బొమ్మ నొక్కితే ఒకమ్మాయి 'ఫైన్' అని పలుకుతుంది, విమానంలో సీటు బెల్టు పెట్టుకోమని చెప్పే గొంతుతో. ఆ గొంతుతో అంటే ఎవరూ అలగరు.

ఇక్కడే ఒక చిన్న వ్యాకరణం ముక్క. ఆరోగ్యం, సమ్మతి చెప్పే ఫైన్‌కి 'వెరీ' పెద్దగా కలవదు, 'ఫైనర్' అసలు కుదరదు. నిన్నటికంటే ఇవాళ నాకు బాగుంది అనడానికి ఐయామ్ ఫైనర్ అనరు, బెటర్ అంటారు. సన్నదనం చెప్పే ఫైన్‌కి మాత్రం వెరీ, ఫైనర్, ఫైనెస్ట్ అన్నీ హాయిగా కలుస్తాయి. వెరీ ఫైన్ డస్ట్, ఫైనర్ థ్రెడ్. అంటే పక్కన ఫైనర్ కనిపించిందంటే అది ఆరోగ్యం కాదు, సన్నదనమో నాణ్యతో అయి ఉండాలని పట్టేసుకోవచ్చు. ఈ కిటుకు నాకు ఏ యాప్ చెప్పలేదు, చేసిన తప్పులే నేర్పాయి. యాప్‌లో ఫైనర్ అంటే 'మరింత మంచి'.

క్రికెట్ కామెంటరీ వినేవాళ్లకి ఫైనర్ ఇంకో రకంగా తెలుసు. ఫైన్ లెగ్ అంటే చక్కని కాలు అని చిన్నప్పుడు నేను సీరియస్‌గా అనుకున్నాను. ఎవరి కాలో అర్థమయ్యేది కాదు. అది మైదానంలో ఫీల్డర్ నిలబడే ఒక చోటు పేరు. అక్కడ ఫైన్‌కి ఎదురు మాట స్క్వేర్. రెండు వికెట్లనీ కలుపుతూ గీత గీసి, బ్యాటర్ వెనక్కి పొడిగించండి. ఆ గీతకి దగ్గరగా, సన్న కోణంలో నిలబడితే ఫైన్. గీతకి అడ్డంగా, బ్యాటర్‌కి పక్కగా ఉంటే స్క్వేర్. ఫీల్డర్ 'కొంచెం ఫైనర్‌గా' జరిగాడంటే ఆ గీత వైపు జరిగాడని. మళ్లీ సన్నదనమే చూడండి, ఈసారి కోణానికి. యాప్ 'ఫైన్ లెగ్'కి ఏమిచ్చిందో చెప్పక్కర్లేదు. నా చిన్నతనమే గుర్తొచ్చింది.

వాతావరణం గురించి ఆగమన్నాను కదా. బ్రిటిష్ ఇంగ్లీషులో రేపు 'ఫైన్' అంటే వాన పడదు, ఆకాశం తేటగా ఉంటుంది అని. యాప్ ఇచ్చిన 'నిర్మలమైన' ఇక్కడ దగ్గరికొచ్చింది, కాని ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. "రేపు వాన ఉండదు" అంటే సరిపోతుంది. అనువాదంలో ఒక్కోసారి విశేషణాన్ని వదిలేసి క్రియ పట్టుకోవాలి. 'వన్ ఫైన్ డే'లో అసలు ఫైన్‌ని వదిలేయడమే న్యాయం. ఆ రోజు ఎండా వానా అన్న లెక్కేమీ లేదు, 'ఒకానొక రోజు' అంతే. యాప్ 'ఒక మంచి రోజు' అంది. నా వాక్యంలో ఆ మంచి రోజున కథానాయకుడి ఉద్యోగం పోయింది.

వెటకారం ఇంకోటి. 'ఎ ఫైన్ మెస్' అంటే మనం "భలే పని చేశావ్" అన్నట్టు, "ఘనకార్యం వెలగబెట్టావ్" అన్నట్టు. యాప్: "చక్కటి గందరగోళం." ఇది విచిత్రంగా నాకు నచ్చింది. చూస్తే తెలుగులో కూడా ఆ వెటకారం పలుకుతోంది. కావాలని చేయలేదని తెలిసినా మార్కు వేశాను.

తిరగేసి కూడా చూశాను, తెలుగు నుంచి ఇంగ్లీషుకి. 'సన్నని' అని కొడితే థిన్, స్లిమ్, స్లెండర్, నారో వచ్చాయి. ఫైన్ రాలేదు. అటువైపు ఫైన్ పేజీలో సన్నని ఉంది, ఇటువైపు సన్నని పేజీలో ఫైన్ లేదు. రెండు వైపులా వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి అతికించినట్టున్నారు.

డిక్షనరీ అంటే ఇంతేలే అనడానికి లేదు. ఇంగ్లీషువాళ్లు పరభాషవాళ్ల కోసం చేసినవి చూడండి. ఎ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్తూ, అక్కడి విద్యార్థులకి ఏది అర్థం కావట్లేదో చూసి చేసిన నిఘంటువు 1942లో వచ్చింది. దాని వారసత్వమే ఇవాళ్టి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్. మాట ఏ వాక్యంలో ఎలా కూర్చుంటుందో చూపించడం దాని ప్రాణం. 1987లో వచ్చిన కోబిల్డ్ అనే నిఘంటువు ఇంకో అడుగు ముందుకేసి, అర్థాన్నే పూర్తి వాక్యంగా చెప్పింది. ఏదైనా పొడి ఫైన్‌గా ఉందంటే దాని రేణువులు చాలా చిన్నవని, ఈ తరహాలో. అంటే పక్కమాట అర్థంలోనే కలిసి వస్తుంది. ఇంగ్లీషు-తెలుగులో ఇలా చేయడానికి కోట్లు అక్కర్లేదు, పదిహేడు మాటల పక్కన పదిహేడు జతలు రాస్తే చాలు. సన్న సూది, మెత్తటి పొడి, మేలిమి బంగారం. ఒక మనిషి ఒక మధ్యాహ్నం కూర్చుంటే ఫైన్ పేజీ అయిపోతుంది.

నేను ఇప్పుడు చేస్తున్నదేమిటంటే, ఈ యాప్‌ని స్పెల్లింగ్‌కీ, మర్చిపోయిన మాట గుర్తు తెచ్చుకోవడానికీ వాడతాను. ఆ పదిహేడులో ఏదో ఒకటి చూస్తే నాకు కావలసినది తడుతుంది. అందుకు ఉచిత వెర్షన్ చాలు. డబ్బు కడితే ప్రకటనలు పోతాయి, 'వాక్యం అనువదించు' మీటకి రోజువారీ పరిమితి పోతుంది. ఆ మీట ఇచ్చిన మంచి కణాలు చూశాక దానికి పరిమితి ఉండటమే మేలనిపించింది. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకి మాత్రం ఇదొక్కటే ఇచ్చి వదిలేయకండి. మొదటి మాటే సరైన మాట అనుకుంటారు, నేనూ అనుకున్నాను.

మూడు స్టార్ల లెక్క: నెట్ లేకుండా పనిచేసినందుకు ఒకటిన్నర, తప్పు స్పెల్లింగ్‌ని మన్నించినందుకు ఒకటి, ఫాంట్‌కి ఒకటి. బంగారం మంచితనానికి అర కోత.

'తప్పు తెలియజేయండి' అన్న చోట సూది సంగతి వివరంగా రాసి పంపాను. 60/8 అంకెతో సహా. మూడు వారాలకి అప్‌డేట్ వచ్చింది. తెరిచి ఫైన్ నీడిల్ కొట్టాను. పేజీ రంగు మారింది, మూసే గుర్తు ఇంకాస్త చిన్నదైంది. సూది ఇంకా మంచిదే.